లాంబ్టన్ సమాధి దగ్గర ముగ్గురం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద కూర్చున్న మా గురువులకు పాదాభివందనం. ముందు వరసలో కింద కూర్చున్న పిల్లలకు ఆశీస్సులు. వెనక గోడ దగ్గర నిలబడి ముచ్చట్లు పెడుతున్న నా బ్యాచ్ వాళ్లకు ఒక్క మాట: నలభై ఏళ్ల కింద కూడా మీరు అక్కడే నిలబడ్డారు, ఇప్పుడూ అక్కడే ఉన్నారు. సంతోషం.

సంఘం వాళ్లు నన్ను 'ఇంజనీరుగా నీ అనుభవాలు చెప్పు' అన్నారు. కాలువలు, వంతెనలు, టెండర్లు అంటూ మొదలుపెడితే భోజనాల వేళకు ముందే మీకు నిద్ర వస్తుంది. అందుకని, మొన్న సంక్రాంతి పోయిన వారంలో మన బడి వాళ్లమే ముగ్గురం భుజాన సంచులు వేసుకుని చేసిన ఒక చిన్న ప్రయాణం గురించి చెబుతాను. ఆ ప్రయాణంలో నా పాత తప్పు ఒకటి బయటపడింది. అది కూడా చెబుతాను.

మొదలు ఈ గ్రౌండ్ నుంచే. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల సారు మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, బావి తాడు ఒకటి ఇచ్చి, ఈ గ్రౌండ్ పొడవు కొలవమన్నారు. మూడుసార్లు కొలిచాం. మూడు లెక్కలు వచ్చాయి. నేను తెలివిగా రెండు కొట్టేసి ఒకటే ఉంచి చూపించాను. సారు చెవి మెలేసి, 'కొట్టెయ్యకురా, మూడూ రాయాలె. తాడు పట్టినోళ్ల పేర్లు కూడా రాయాలె' అన్నారు. పేర్లెందుకో అప్పుడు అర్థం కాలేదు. మార్కులు పోయాయన్న బాధే మిగిలింది.

తర్వాత ఇంజనీరింగులో సర్వే సబ్జెక్టు వచ్చింది. థియోడలైట్, డంపీ లెవెల్, గొలుసు. అక్కడ మొదటిసారి విలియం లాంబ్టన్ పేరు విన్నాను. అన్వేషకులు అంటే మనకు వాస్కో డ గామా, కొలంబస్ గుర్తొస్తారు. ఓడలెక్కి సముద్రాలు దాటినవాళ్లు. ఈయన సముద్రం మీద కాదు, నేల మీద నడిచాడు. మన దేశాన్ని కొలుచుకుంటూ నడిచాడు. పిల్లలకు అర్థమయ్యేటట్టు కొంచెం చెబుతాను.

1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ కొండ కింద లాంబ్టన్ ఒక సరళ రేఖ కొలవడం మొదలుపెట్టాడు. పొడవు ఏడున్నర మైళ్లు. కొలిచింది వంద అడుగుల ఉక్కు గొలుసుతో. ఎండకు ఉక్కు సాగుతుంది కదా, అందుకని గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, నాలుగు వందల సార్లు వేశారు. ఏడున్నర మైళ్లకు 57 రోజులు పట్టింది. మన ఆటోవాడు ఇరవై నిమిషాల్లో తీసుకుపోయే దూరం.

ఆ ఒక్క రేఖ కచ్చితంగా తెలిస్తే చాలు. దాని రెండు కొసల నుంచి దూరంగా కనిపించే ఒక కొండ వైపు కోణాలు చూస్తే, ఆ కొండ ఎంత దూరమో లెక్కతో తేలుతుంది. ఆ త్రిభుజం భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. అట్లా కొండ మీంచి కొండకు, గుడి గోపురం మీంచి కోటకు దేశమంతా పోవచ్చు. తొమ్మిదో తరగతి లెక్కలే. కాకపోతే కోణాలు చూసే థియోడలైట్ బరువు అర టన్ను. ఇంగ్లండు నుంచి వస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్లు ఓడను పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. తర్వాత మర్యాదగా మద్రాసుకు పంపించారు. ఆ యంత్రాన్ని మనుషులే మోసి కొండలెక్కించారు.

మద్రాసు నుంచి త్రిభుజాలు వేసుకుంటూ బెంగళూరు దాకా వెళ్లి, అక్కడ మళ్లీ గొలుసుతో ఒక రేఖ కొలిచి చూస్తే, లెక్కకూ కొలతకూ తేడా నాలుగు అంగుళాల లోపే ఉంది. మద్రాసు నుంచి మంగళూరు వైపు తీరం దాకా పోయేసరికి, అప్పటిదాకా ఉన్న మ్యాపుల్లో దక్షిణ దేశం వెడల్పు నలభై మైళ్లు ఎక్కువ వేసి ఉందని తేలింది. 1811లో మన గుత్తి దగ్గర, 1815లో బీదర్ ప్రాంతంలో ఇంకా రేఖలు కొలిచారు. కన్యాకుమారి నుంచి 78వ రేఖాంశం పట్టుకుని, మనకు పడమరగా ఈ కొలత ఉత్తరానికి సాగింది. లాంబ్టన్ ఆఖరి ఏళ్లలో మకాం మన హైదరాబాదులోనే పెట్టాడు. 1818 చివర ఆయనకు సహాయకుడిగా ఒక కుర్ర అధికారి వచ్చాడు. పేరు జార్జ్ ఎవరెస్ట్. అవును, ఆ ఎవరెస్టే. మరుసటి సంవత్సరం కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ మన్యం జ్వరంతో మంచం పట్టిన మనిషి.

లాంబ్టన్ మకాం నాగపూర్‌కు మార్చాలని బయలుదేరి, దగ్గుతో బాధపడుతూ దారిలో హింగన్‌ఘాట్ అనే ఊళ్లో చనిపోయాడు. 1823 జనవరి 20. డెబ్భై ఏళ్ల దగ్గర. అప్పటికి లక్షన్నర చదరపు మైళ్లకు పైగా కొలత పూర్తయింది. పని ఎవరెస్ట్ చేతికి వచ్చింది. ఆ తర్వాత ఇదే కొలతను పొడిగించి హిమాలయాల దాకా తీసుకుపోయారు. కలకత్తా వాసి రాధానాథ్ సిక్దార్ లెక్కల సాయంతో ఒక శిఖరం ఎత్తు 29,002 అడుగులని తేల్చి 1856లో ప్రకటించారు. 1865లో దానికి ఎవరెస్ట్ పేరు ఖాయమైంది. సోషల్ సారు మమ్మల్ని బెంచీ ఎక్కించి అడిగిన ప్రశ్న అదే. గొలుసు మొదట వేసిన మనిషి పేరు మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు.

హింగన్‌ఘాట్ ఎక్కడో లేదు. మనం ఢిల్లీ పోయే రైళ్లు ఆ ఊరి మీదుగానే పోతాయి. నేనే ఉద్యోగం పని మీద ఎన్నోసార్లు ఆ దారిన వెళ్లాను, ఏసీ బోగీలో, తెర వేసుకుని పడుకుని. ఒకసారి దిగి చూడాలని ముప్పై ఏళ్లు అనుకున్నాను.

డిసెంబరులో ఈ ఉత్సవాల మీటింగు అయ్యాక, టీ తాగుతూ నా పాత బెంచీ వాళ్లిద్దరికి ఈ సంగతి చెప్పాను. ఒకడు ఆర్టీసీలో కండక్టరు. ఇంకొకడికి బస్టాండు దగ్గర కిరాణా కొట్టు. 'పోదాం పా' అన్నారు ఇద్దరూ. నేను ఉత్సాహంగా ఫోను తీసి ఏసీ టికెట్లు, నాగపూర్‌లో హోటలు చూడబోయాను. కండక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు. 'ఒరేయ్, నువ్వు పెడితే మేం రాం. ముగ్గురం పెట్టుకునే లెక్కన అయితే వస్తం. మనిషికి రెండు వేలు. పైస ఎక్కువైతే దిగిపోత' అన్నాడు.

అట్లా ఖాయమైంది. స్లీపరు టికెట్లు. మా అబ్బాయి కాలేజీ సంచి నా భుజాన. కిరాణా మిత్రుడు పండగ సకినాలు, పులిహోర, నిమ్మకాయ తొక్కు కట్టించుకొచ్చాడు. రాత్రి సికింద్రాబాద్‌లో ఎక్కాం. కాజీపేట దాటేదాకా బడి ముచ్చట్లే. పై బెర్తులో పడుకున్నాయన లేచి 'అన్నా, జర పండనియ్యరా' అన్నాక ఊరుకున్నాం. కాగజ్‌నగర్, బల్లార్షా ఎప్పుడు పోయాయో తెలియదు. తెల్లారాక హింగన్‌ఘాట్‌లో దిగితే చలి ఎముకలు కొరుకుతోంది. పత్తికి పేరున్న ఊరు అది. రోడ్ల మీద పత్తి బండ్లు కనిపించాయి. స్టేషన్ బయట పోహా తిని, టీ తాగి, కండక్టరు లెక్క రాసుకున్నాక వెతుకులాట మొదలుపెట్టాం.

మా వాడు ముందుకు పోయి ఒక ఆటోవాణ్ణి, 'భాయ్, ఇధర్ అంగ్రేజ్ కీ కబర్ కిధర్ హై?' అని అడిగాడు. ఆటోవాడు మమ్మల్ని పైకీ కిందికీ చూశాడు. నెత్తిన ఉన్ని టోపీలు, భుజాన సంచులు, చేతిలో సకినాల డబ్బా. ఎవరికీ వెంటనే తెలియలేదు. నలుగురిని అడిగాక ఒక ముసలాయన దారి చెప్పి, 'మీకు చుట్టమా?' అన్నాడు. 'చుట్టం కాదు, మా లైను మనిషి' అన్నాను. అప్పుడు ఆయన నవ్వి, మాతో పాటు కొంత దూరం నడిచి వచ్చాడు.

సమాధి గురించి వర్ణించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మద్రాసులో పని మొదలైన కొండ మీద లాంబ్టన్ విగ్రహం ఉంది, చర్చికి వచ్చేవాళ్లు దాన్నీ చూస్తారు. ఇక్కడ టికెట్టు లేదు, గైడు లేడు, ఫోటోలకు నిలబడేవాళ్లు లేరు. సంచులు దించి కింద కూర్చున్నాం. నేను ఆపకుండా చెప్పుకుపోయాను. ముఖ్యంగా తంజావూరు కథ.

ఆ కథ మీకూ చెప్పాలి. 1808లో లాంబ్టన్ తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి ఆ అర టన్ను థియోడలైట్‌ను తాళ్లతో ఎక్కిస్తున్నాడు. తాడు తెగింది. యంత్రం గోడకు కొట్టుకుని, కోణాలు చూసే పెద్ద వలయం వంకరపోయింది. దేశంలో అట్లాంటిది ఇంకోటి లేదు. ఇంకొకడైతే తాడు లాగినవాణ్ణి కొట్టి, పై అధికారులకు ఒక ఉత్తరం రాసి పడేసేవాడు. లాంబ్టన్ డేరాలోకి వెళ్లి, యంత్రాన్ని ముక్కలుగా విప్పి, చీలలు, మరలు పెట్టి కొంచెం కొంచెంగా లాగుతూ ఆ వలయాన్ని మళ్లీ గుండ్రంగా చేశాడు. ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే యంత్రంతో పని చేశాడు.

నేను చెప్పడం అయ్యాక కండక్టరు సకినం కొరుకుతూ అడిగాడు. 'అంతా బాగనే ఉంది గని, తాడు లాగినోడు ఎవడు? గొలుసు పట్టినోళ్లు, గా యంత్రం మోసినోళ్లు, జ్వరాలొచ్చి సచ్చినోళ్లు, వాళ్ల సమాధులు యాడున్నయ్?'

నా దగ్గర జవాబు లేదు. మెకంజీ దొర వెంట ఊరూరా తిరిగి చరిత్ర సేకరించిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల పేర్లు మనకు దక్కాయి. లాంబ్టన్ కింద పని చేసిన డి పెన్నింగ్ లాంటి సహాయకుల పేర్లూ ఉన్నాయి. కానీ కొండ మీద చెట్లు కొట్టి, జెండా పట్టుకుని పగలంతా నిలబడ్డవాళ్లు, వాళ్లలో మన తెలుగు వాళ్లు ఎందరో, వాళ్లంతా పుస్తకాల్లో 'కూలీలు' అన్న ఒక్క మాటలో ఉంటారు. ఆ కొలతంతా కంపెనీ వాళ్లు పాలించడానికి, శిస్తులు కట్టించుకోవడానికి పనికొచ్చిందన్నది కూడా నిజమే. దొర గొప్ప ఇంజనీరు. అది ఒక నిజం. ఆ కొలత ఎవరి కోసం, ఎవరి భుజాల మీద సాగిందన్నది ఇంకో నిజం.

కానీ నన్ను నోరు మూయించింది చరిత్ర కాదు. 'తాడు లాగినోడు ఎవడు' అన్న మాట. అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి వాళ్లిద్దరికీ అక్కడ కూర్చునే చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలువ పని మీద ఉన్నాను. నా దగ్గర ఒక చైన్‌మన్ ఉండేవాడు. మస్టర్ రోల్ మీద రోజు కూలి. మా నాయన వయసు. నేను ఆయన్ని 'కాకా' అనేవాణ్ణి, ఆయన నన్ను 'సారూ' అనేవాడు. ఎండలో స్టాఫ్ పట్టుకుని నిలబడితే కదిలేవాడు కాదు. ఒకరోజు పొద్దుగూకే వేళ, ఒక తూముకు లెవెల్ ఇస్తున్నాం. లెవెల్ జరపబోయే ముందు తీసిన ఫోర్‌సైట్ 1.55. నేను పుస్తకంలో 1.85 అని రాసుకున్నాను. తిరిగి బెంచ్‌మార్కు దాకా వచ్చి సరిచూసుకోవాలి. చీకటి పడుతోందని చూడలేదు. 'సారూ, మల్లొకసారి సూద్దామా?' అని ఆయనే అడిగాడు. 'అక్కర్లేదు కాకా' అన్నాను.

తూము గడప ముప్పై సెంటీమీటర్లు ఎత్తులో కూర్చుంది. నీళ్లు వదిలాక కాలువ పారుతోంది, తూములోకి నీళ్లు ఎక్కడం లేదు. దాని కింద ఉన్న మడులకు ఆ పంట కాలం పోయింది. పై అధికారులు వచ్చారు. ఎట్లా జరిగిందని అడిగారు. నాకు పెళ్లి కుదిరింది, ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. 'స్టాఫ్ సరిగ్గా పట్టలేదు సార్' అన్నాను. ఒక్క వాక్యం. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మస్టర్‌లో ఆయన పేరు లేదు. తూము పగలగొట్టి మళ్లీ కట్టాం. నాకు ఇంక్రిమెంటు కూడా ఆగలేదు.

నేను చెప్పడం ఆపాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కిరాణా మిత్రుడు మాత్రం, 'ఉన్నడా ఆయన?' అన్నాడు. తెలియదన్నాను. 'పోయి సూడరాదు' అన్నాడు. అంతే. లాంబ్టన్‌కు మూడు సకినాలు పెట్టి లేచాం. రాత్రి బండికి తిరిగొచ్చాం. మనిషికి 1,640 రూపాయలు అయింది. మిగిలిన 360 కండక్టరు లెక్కపెట్టి వెనక్కి ఇచ్చాడు.

మరుసటి ఆదివారం ఆ ఊరికి వెళ్లాను. ఒక్కణ్ణే. ఆయన పోయి ఎనిమిదేళ్లు అయిందట. కొడుకు ఉన్నాడు. నా వయసు వాడే. వాకిట్లో మంచం వేసి, చాయ్ తెప్పించాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అంతా విని, 'మా నాయిన గా పని పోయినంక పట్నం పోయి వాచ్‌మన్ జేసిండు సార్. ఎందుకు పోయిందో మాకెన్నడు చెప్పలే' అన్నాడు. కొంచెం ఆగి, 'గిన్నేండ్లకు ఇప్పుడెందుకు చెప్తున్నరు సార్?' అన్నాడు.

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. ఆ చాయ్ తాగి వచ్చేశాను. ఆయన నన్ను క్షమించాడని నేను మీకు చెప్పడం లేదు.

మన చెరువు సంగతి మీకు తెలుసు. ఇబ్రహీం కుతుబ్ షా పేరున్న ఊరు, ఆయన కాలపు చెరువు. దానికి నీళ్లు తేవడానికి నిజాం కాలంలో షాబాద్, శంషాబాద్ మీదుగా ఫిరంగి నాలా తవ్వారు. మోటార్లు లేవు, పంపులు లేవు. వాలు ఒక్కటే ఆధారం. ఎక్కడైనా జానెడు ఎత్తు తప్పు పడితే నీళ్లు అక్కడే ఆగిపోతాయి. అన్ని మైళ్ల దూరం వాలు కుదిరిందంటే, ఎవరో ఒకరు ప్రతి చోటా కట్టె నిటారుగా పట్టుకుని కదలకుండా నిలబడ్డారని అర్థం. 'ఫిరంగి' అన్న పేరు దొరకు దక్కింది. కట్టె పట్టినవాడికి ఏమీ దక్కలేదు. ఆ నీళ్లతో పండిన వడ్లు తిని పెరిగిన ఇళ్లు ఈ సభలో ఎన్నో ఉన్నాయి.

ఇక ముగిస్తాను. స్వర్ణోత్సవానికి నా వంతు ఏమిస్తావని సంఘం అడిగింది. ఒక డంపీ లెవెల్, రెండు స్టాఫులు, ఒక గొలుసు కొని బడికి ఇస్తున్నాను. ఏడాదికి ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్లలు ఈ గ్రౌండును, వీలైతే చెరువు కట్టను కొలవాలి. నేనూ వస్తాను. లెక్కల టీచర్లకు ఒక్క విన్నపం. ఫీల్డ్ బుక్కులో మూడు కొలతలు వస్తే మూడూ రాయించండి. ప్రతి పేజీ కింద గొలుసు పట్టినవాళ్ల పేర్లు, స్టాఫ్ పట్టినవాళ్ల పేర్లు రాయించండి. తప్పు పడ్డ రోజున ఆ పేజీ కింద మొదటి సంతకం ఎవరిదో పిల్లలకు ముందే తెలియాలి. రాసుకున్నవాడిది.

మా లెక్కల సారు ఈ రోజు ఇక్కడ లేరు. ఉంటే మళ్లీ చెవి మెలేసేవారు. సార్, మూడో కొలత ఆలస్యంగా రాస్తున్నాను.